మరాఠీ అక్షరాల్లో సైన్స్ నోట్సు: జడ్చర్ల దగ్గర ఒక వేసవి ఇంగ్లిష్ తరగతి

నేను ఇంగ్లిష్ చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే హైస్కూల్ టీచర్‌ని. జడ్చర్ల దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి నుంచి కొంచెం లోపలికి ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. 2024 ఎండాకాలం సెలవుల్లో, బయటి రాష్ట్రాల నుంచి కొత్తగా మా బడికి వచ్చిన 23 మంది పిల్లలతో ఐదు వారాలు ఇంగ్లిష్ చదవడం, రాయడం తరగతి నడిపాం. ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో, ఎంతవరకు ఫలితం వచ్చిందో మొత్తం రాస్తున్నాను. ఎందుకంటే షాద్‌నగర్, కొత్తూరు, బాలానగర్, అటు చౌటుప్పల్, ఇట్లా కంపెనీలున్న ప్రతిచోటా ఇప్పుడు ఇలాంటి పిల్లలు ఉన్నారు, టీచర్లం మాత్రం ఎవరికి వాళ్లం మొదటి నుంచి మొదలుపెట్టుకుంటున్నాం.

పాలమూరు అంటే వలస పోయే జిల్లా అనే అందరికీ తెలుసు. బొంబాయి బస్సు ఎక్కని కుటుంబం లేని ఊళ్లు నారాయణపేట, కోస్గి వైపు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు వలస రెండు వైపులా ఉంది. పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు వచ్చాక, హైవే పొడుగునా ఫ్యాక్టరీలు పెరిగాక బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తున్నారు. మొదట మగవాళ్లే వచ్చేవాళ్లు, ఇప్పుడు భార్యాపిల్లలతో వచ్చి గదులు అద్దెకు తీసుకుంటున్నారు. ఇంకోవైపు కల్వకుర్తి, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లకు బొంబాయి, పుణె, భీవండి నుంచి కొన్ని కుటుంబాలు తిరిగొస్తున్నాయి. ఈ తిరిగొచ్చిన పిల్లల పేర్లు మనవే, ఇంటిపేర్లు మనవే, మాట కూడా మనదే, కానీ తెలుగు అక్షరం రాదు. అందుకే వాళ్ల సమస్య అందరికంటే ఆలస్యంగా మా కంట పడింది.

మా 23 మందిలో తొమ్మిది మంది ఇలా మహారాష్ట్ర నుంచి తిరిగొచ్చినవాళ్లు (ఆరుగురు మరాఠీ మీడియం, ముగ్గురు హిందీ మీడియం), ఆరుగురు బీహార్, జార్ఖండ్ వాళ్లు, నలుగురు ఒడిశా, ఇద్దరు ఛత్తీస్‌గఢ్, ఇద్దరు రాయచూర్ వైపు నుంచి కన్నడ బడిలో చదివి వచ్చినవాళ్లు. వయసు 12 నుంచి 16 వరకు.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పిల్లలకు ఇబ్బంది కాకూడదని పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇచ్చారు, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. మా ఊరి పిల్లకు ఇది నిజంగా పెద్ద సాయం, ఇంగ్లిష్ పేజీ అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకుంటుంది. భీవండి నుంచి వచ్చిన పిల్లకు మాత్రం రెండు పేజీలూ మూసిన తలుపులే. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఒక నోట్‌బుక్ కావాల్సి వచ్చింది.

నోట్‌బుక్

ఆ అమ్మాయికి అప్పుడు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్నది నల్లగొండ వైపు పద్మశాలి కుటుంబం, భీవండిలో పవర్‌లూమ్ మీద పని చేసేవాడు. అక్కడ పని తగ్గి, అమ్మమ్మ ఊరని మా దగ్గరికి వచ్చారు. ఏడాదంతా క్లాసులో ఆమె నోరు తెరవలేదు. పరీక్షల్లో ప్రశ్నలనే తిరిగి రాసిపెట్టేది. చదువు రాని పిల్లల జాబితాలో నేనే ఆమె పేరు రాశాను. వాళ్లమ్మను పిలిస్తే, "బొంబాయి దిక్కు మరాఠీ బడికి పోయింది టీచర్, ఆడ మంచిగనే చదివేది, ఈడికొచ్చినంక ఏమైందో ఏమో" అంది. ఆ మాట విన్నాను గానీ పట్టించుకోలేదు.

2024 మార్చిలో సైన్స్ టీచర్ నోట్సులు దిద్దుతూ ఒకటి నా టేబుల్ మీద పెట్టి, "ఇది చూడండి మేడమ్" అన్నారు. ఏడాది మొత్తం పాఠాలు అందులో ఉన్నాయి, అన్నీ దేవనాగరి లిపిలో. క్లాసులో టీచర్ ఇంగ్లిష్‌లో, తెలుగులో చెప్పిన మాటలు చెవికి ఎలా వినబడితే అలా మరాఠీ అక్షరాల్లో రాసుకుంది. 'ఫ్రిక్షన్' అని రాసి, పక్కన చిన్నగా 'ఘర్షణ' అని మరాఠీలో రాసుకుంది. మా తెలుగు పేజీలో ఉన్న మాట కూడా ఘర్షణే! ఆ పిల్లకు పాఠం తెలుసు, మాట తెలుసు, ఆ మాట ఎదురు పేజీలో అచ్చై ఉంది, అక్షరం వేరు కాబట్టి ఆమెకు కనబడలేదు. ఏడాదంతా నేను ఆమెను చదువు రాని పిల్ల అనుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సహించలేదు.

మా చెల్లెలు కుటుంబం టెక్సస్‌లో ఉంటుంది. వాళ్ల పెద్దోడిని అక్కడి బడిలో చేర్చినప్పుడు మొట్టమొదట ఇచ్చిన కాగితం 'హోమ్ లాంగ్వేజ్ సర్వే' అట. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు, ఇలాంటి ప్రశ్నలు. ఇంకో భాష ఉందని తేలితే ఇంగ్లిష్ ఎంత వచ్చో పరీక్ష పెడతారు, హైస్కూల్ వయసులో కొత్తగా వచ్చినవాళ్లకు చాలా చోట్ల 'న్యూకమర్' తరగతులు, వేసవి తరగతులు ఉంటాయి. అక్కడ ఇది ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన కేసులో (లావ్ వర్సెస్ నికొల్స్) 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది: భాష అర్థం కాని పిల్లలకు అందరితో పాటు అవే పుస్తకాలు, అదే టీచర్, అదే సిలబస్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు. మనకూ చట్టం లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్, బడి బయట ఉన్న పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, మిగతావాళ్లతో సమానం అయ్యేలా ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ పిల్లకు ఉందని చెబుతుంది. మేం మొదటి సగం చేస్తున్నాం, రెండో సగం చేయడం లేదు. అడ్మిషన్ ఫారంలో మాతృభాష గడి ఉంటుంది. మా రిజిస్టర్ తీసి చూస్తే, ఒడిశా పిల్లలతో సహా చాలామందికి అక్కడ 'తెలుగు' అని రాసి ఉంది.

ముందు ఎవరికి ఏ అక్షరం వచ్చో చూడటం

ఏప్రిల్ 29న తరగతి మొదలుపెట్టాం. ఉదయం ఏడు నుంచి పది వరకే, ఆ తర్వాత 42, 43 డిగ్రీల ఎండలో రేకుల గదుల్లో కూర్చోలేరు. మే 13న లోక్‌సభ పోలింగ్, మా బడే పోలింగ్ స్టేషన్, నాకూ డ్యూటీ పడింది, అందుకని మధ్యలో మూడు రోజులు పోయాయి. మొత్తం మీద 28 రోజులు నడిచింది.

పల్లెల్లో పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే చిన్న పరీక్ష చాలామంది టీచర్లకు తెలుసు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, పిల్ల ఎక్కడిదాకా చదవగలిగితే అది ఆమె స్థాయి. అది హిందీ, మరాఠీ, ఒడియా, కన్నడ అన్నిట్లో దొరుకుతుంది. ప్రతి పిల్లకూ ముందు తన లిపిలో ఆ పరీక్ష పెట్టాం. హిందీ, మరాఠీ నేను చదవగలను. కన్నడ మా సోషల్ సార్ చూసుకున్నారు, ఆయనది మక్తల్. ఒడియాకు ఎవరూ దొరకలేదు. చివరికి ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసే ఒడిశా అన్న నైట్ డ్యూటీ దిగి నేరుగా బడికి వచ్చి, పిల్లల పక్కన కింద కూర్చొని విన్నాడు. తర్వాత పిల్లలకు ఆయనే మాకంటే ఎక్కువ ఇష్టమైనవాడు అయ్యాడు, వారానికి రెండు రోజులు వచ్చేవాడు.

ఫలితం చూసి మేం ఆశ్చర్యపోయాం. 23 మందిలో 13 మంది తమ లిపిలో కథ మొత్తం చదివేశారు. ఆరుగురు పేరా చదివారు. నలుగురు మాత్రం ఏ లిపిలోనూ పదం కూడా చదవలేదు: ఇటుక బట్టీలో పని చేసే ఒడిశా అక్కాతమ్ముళ్లు ఇద్దరు, కట్టడాల పని వెంట ఊరూరా తిరిగిన ఒక బొంబాయి పిల్లవాడు, ఛత్తీస్‌గఢ్ అమ్మాయి ఒకరు. అదే పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెడితే వాక్యాలు చదివినవాళ్లు ఇద్దరు, పదాలు ఐదుగురు, అక్షరాలు మాత్రమే వచ్చినవాళ్లు పదకొండు మంది, అవీ రానివాళ్లు ఐదుగురు.

మా అందరి లెక్కలో ఈ 23 మందీ ఒకటే రకం, 'చదవడం రాదు'. నిజానికి రెండు వేరువేరు రకాలు. చదవడం అంటే ఏమిటో తెలిసి కొత్త అక్షరం మాత్రమే నేర్చుకోవాల్సినవాళ్లు 19 మంది. చదవడమే ఇంకా మొదలుకాని పిల్లలు నలుగురు. ఈ రెండు గుంపులను ఒకే ఏ బి సి డి చార్టు ముందు కూర్చోబెడితే మొదటి గుంపుకు అవమానం, రెండో గుంపుకు అన్యాయం. నా అనుభవంలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైనది ఈ ఒక్క రోజు పరీక్షే.

తరగతి ఎలా నడిచింది

మొదటి వారం తప్పు చేశాం. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక ఇంజినీరింగ్ అబ్బాయి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతానని వచ్చాడు, మంచి మనసుతోనే వచ్చాడు, నేను సరే అన్నాను. నాలుగు రోజుల్లో అందరూ తమ పేరు, ఊరు, హాబీలు గడగడా అప్పజెప్పారు, తల్లిదండ్రులు సంతోషపడ్డారు. ఐదో రోజు అవే వాక్యాలు బోర్డు మీద రాసి చూపిస్తే చదివినవాళ్లు ఇద్దరే, ముందు నుంచీ వాక్యాలు చదవగలిగినవాళ్లు. కొత్త భాషలో ఊరికే మాట్లాడుకోవడం రెండేళ్లలో పట్టుబడుతుందని, పుస్తకాల భాషలో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ ఎప్పుడో చెప్పాడు. బీఈడీ వాళ్లందరం చదివిందే. ఒక భాషలో గట్టిపడిన చదువు ఇంకో భాషకు ఆసరా అవుతుందన్నదీ ఆయన మాటే. పదో తరగతి రెండేళ్ల దూరంలో ఉన్న పిల్లకు ఐదు వారాల్లో ఏది ఇవ్వాలి అంటే, నా జవాబు స్పోకెన్ కాదు, పుస్తకం.

రెండో వారం నుంచి మార్చాం. ఇంగ్లిష్‌లో అక్షరం పేరు వేరు, దాని శబ్దం వేరు. మన లిపుల్లో చదవడం నేర్చుకున్న పిల్లకు ఇది పెద్ద అడ్డంకి. 'క' అంటే క, దానికి ఇంకో పేరు లేదు. ఇంగ్లిష్‌లో 'ఎ' అనే అక్షరం ఒక్కటే, క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, కార్‌లో ఒకలా పలుకుతుంది. ఒక బీహార్ అబ్బాయి కోపంగా "ఏక్ అక్షర్ కీ తీన్ ఆవాజ్ క్యోం" (ఒక్క అక్షరానికి మూడు శబ్దాలెందుకు) అని అడిగాడు. చాలా సరైన ప్రశ్న. 'ఇది ఇంతే' అనకుండా ఆ రోజంతా దాని మీదే గడిపాం. మ్యాడ్ చివర ఇ అక్షరం చేరిస్తే మేడ్ అవుతుంది, హ్యాట్ హేట్ అవుతుంది, ఇలా జంటలు వెతికి రాసుకున్నారు. కథ స్థాయి పిల్లలు ఈ తర్కం రెండు రోజుల్లో పట్టేశారు, ఎందుకంటే గుణింతం అనేది ఒకటి ఉంటుందని, పక్క గుర్తును బట్టి శబ్దం మారుతుందని వాళ్లకు ముందే తెలుసు.

మా ఊరి తెలుగు పిల్లలను కూడా పదకొండు మందిని కలుపుకున్నాం, జంటలుగా కూర్చోవడానికి. మొదట ఒకరి పలుకుబడి విని ఒకరు నవ్వుకున్నారు, గొడవలు కూడా అయ్యాయి. దాంతో అందరి పలుకుబడీ బోర్డు మీద పెట్టాను. తెలుగువాళ్లం చివర ఉకారం పెడతాం, బుక్కు, పెన్ను, బస్సు. హిందీ పిల్లలు ముందు ఇకారం పెడతారు, ఇస్కూల్, ఇస్టేషన్. ఒడియా పిల్లలు 'వెరీ'ని 'బెరీ' అంటారు, మనం 'అ' అనేచోట 'ఒ' అంటారు. ఎవరి నోటికి ఎవరి భాష అలవాటు చేసిన దారి అది. అది చూశాక వెక్కిరింతలు తగ్గాయి, ఒకరినొకరు సరిచేసుకోవడం మొదలైంది.

అన్నిటికంటే బాగా పనిచేసింది గోడ మీది పదాల పట్టిక. ఆ భీవండి అమ్మాయి నోట్‌బుక్ నుంచే ఆలోచన వచ్చింది. సైన్స్, లెక్కల పుస్తకాల నుంచి రోజుకు నాలుగు మాటలు తీసుకుని ఇంగ్లిష్, తెలుగు, హిందీ, మరాఠీ, ఒడియా, కన్నడ వరుసల్లో పిల్లలే రాశారు. ఫోర్స్ దగ్గర అందరూ 'బలం' అనే రాశారు, ఆరు వరుసల్లో ఐదింట్లో ఒకే మాట. యాంగిల్ దగ్గర అందరిదీ కోణమే. సెల్ దగ్గరికొచ్చేసరికి విడిపోయారు, తెలుగులో కణం, మరాఠీలో పేశీ, హిందీలో కోశికా. ఎడ్యుకేషన్ అనే మాటకు ఒక పిల్ల 'శిక్షా' అంటే తెలుగువాళ్లూ మరాఠీవాళ్లూ ఉలిక్కిపడ్డారు, వాళ్లకు శిక్ష అంటే దండన. ఆ రోజు పిరియడ్ అయిపోయినా ఎవరూ లేవలేదు.

ఇంకొకటి, ప్రశ్నల్లో వచ్చే మాటలు. డిఫైన్, ఎక్స్‌ప్లెయిన్, కంపేర్, లేబుల్, గివ్ రీజన్స్. జవాబు తెలిసిన పిల్ల కూడా ప్రశ్న ఏం అడుగుతోందో తెలియక ఖాళీ కాగితం ఇస్తుంది. ఇవి ఇరవై మాటలకు మించవు. రోజూ ఒక ప్రశ్న ఇచ్చి, జవాబు ఏ భాషలోనైనా రాయమనేవాళ్లం. మూడో వారం నుంచి ఒక్క వాక్యమైనా ఇంగ్లిష్‌లో ఉండాలన్నాం.

మూడో వారంలోనే ఆడపిల్లలు రావడం తగ్గింది. అమ్మలు పొద్దున్నే ఉపాధి హామీ పనికో కంపెనీ షిఫ్టుకో పోతే చిన్నపిల్లలను చూసుకోవాల్సింది వీళ్లే. తమ్ముళ్లను, చెల్లెళ్లను తీసుకొనే రమ్మన్నాం. గోల పెరిగింది, హాజరు కూడా పెరిగింది.

ఏ లిపీ రాని నలుగురికి వేరే గదిలో, మా తెలుగు టీచర్, క్యాంటీన్ అన్న కలిసి బొమ్మలతో, బిస్కెట్ ప్యాకెట్లతో, మాత్రల అట్టలతో మొదలుపెట్టారు. బట్టీ పిల్లలు ఇద్దరూ తెల్లవారుజామున ఇటుకలు తిప్పి వచ్చి కూర్చునేవాళ్లు, అక్క చేతివేళ్ల చర్మం ఒలిచిపోయి పెన్సిల్ పట్టుకోవడం కష్టంగా ఉండేది. తమ్ముడు తన పేరు ఒడియాలో, ఇంగ్లిష్‌లో రాయడం నేర్చుకున్నాడు. మే ఆఖరు వారంలో బట్టీ సీజన్ అయిపోయి కుటుంబం ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు రోజు చెప్పలేదు. నేను వాళ్ల ఊరు, అక్కడి బడి పేరు రాసి పెట్టుకోలేదు, అది నా పొరపాటు. ఆ రెండు పలకలు ఇంకా మా బీరువాలో ఉన్నాయి.

ఎంతవరకు వచ్చింది

చివరి పరీక్షకు 19 మంది ఉన్నారు. బట్టీ పిల్లలు కాక, ఒక అబ్బాయి పనిలో చేరాడు, ఒకరు సొంతూరు పోయి రాలేదు. ఇంగ్లిష్‌లో సులువైన వాక్యాలు చదివినవాళ్లు తొమ్మిది మంది, పదాలు ఏడుగురు, అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు ముగ్గురు. ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో పేరా చదివి అర్థం చెప్పగలిగినవాళ్లు ఐదుగురే, ఆ ఐదుగురూ మొదటి రోజు తమ లిపిలో కథ చదివినవాళ్లే. ఏ లిపీ రాని నలుగురిలో మిగిలిన ఇద్దరిలో ఒకరు పదాల దాకా వచ్చారు, ఒకరు అక్షరాల దగ్గరే ఆగారు. వాళ్లకు ఐదు వారాలు ఏ మూలకూ సరిపోవు. వాళ్లకు ఏడాది పొడుగునా విడిగా ఒక మనిషి కావాలి, అది మా బడి ఒక్కటే ఇవ్వగలిగేది కాదు, కానీ అడగాల్సింది మేమే. అడుగుతున్నాం.

ఇప్పుడు అడ్మిషన్ రోజే ప్రతి పిల్లతో మూడు లిపుల్లో చదివించి చూస్తున్నాం, పది నిమిషాలు పడుతుంది. మాతృభాష గడిలో అడగకుండా ఏదీ రాయడం లేదు. పాత బడి పేరు, ఊరు, ఒక ఫోన్ నంబరు తీసుకుంటున్నాం.

ఆ భీవండి అమ్మాయి తొమ్మిదిలో మొదటి ఫార్మేటివ్ పరీక్షలో సైన్స్‌లో 20కి 11 తెచ్చుకుంది. జవాబులు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు, స్పెల్లింగ్ తప్పులు చాలా ఉన్నాయి, ఒకచోట మాట గుర్తురాక మరాఠీలో రాసి గుండ్రంగా చుట్టింది. సైన్స్ టీచర్ దానికీ మార్కు ఇచ్చారు. పేపర్లు ఇచ్చిన రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, "టీచర్, పదిల తెలుగు పేపర్ గూడ ఉంటది కదా" అంది. ఉంటుంది. ఇంగ్లిష్ గొడవలో పడి మేం దాని గురించి ఆలోచించనే లేదు. గోడ మీది పట్టికలో తెలుగు వరుస చూపించి, దేవనాగరి 'క' పక్కన మన 'క' రాసి మొదలుపెట్టాం. ఆ తర్వాత రోజూ బడి వదిలాక అరగంట కూర్చున్నాం, రెండు నెలలకు ఆమె రెండో తరగతి తెలుగు వాచకం దాకా వచ్చింది. బీహార్ పిల్లలు ముగ్గురు కూడా వచ్చి పక్కన చేరారు.